జారిన ఇంప్లాంట్ వెనక అరవై ఏళ్ల కథ

రొమ్ముల సైజు పెంచే ఆపరేషన్ అయిన మూడేళ్లకు, నాకు బాగా తెలిసిన ఒకావిడలో తేడాను మొదట పట్టుకున్నది అమీర్‌పేటలో ఆమెకు జాకెట్లు కుట్టే టైలరమ్మ. "ఎడమవైపు డాట్ ఇంకా కిందికి దించాలమ్మా, ఏమైంది?" అని అడిగిందట. ఎడమవైపు ఇంప్లాంట్, అంటే సైజు కోసం రొమ్ములో పెట్టిన సంచి, కిందికి జారింది. ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదు. ఏదో బరువెత్తి తనే పాడుచేసుకున్నానని నెలల తరబడి టెన్షన్ పడింది. ఆ తప్పు ఆమెది కాదని చెప్పాలంటే వెనక్కి వెళ్లాలి.

1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో థామస్ క్రోనిన్, ఫ్రాంక్ జెరో అనే సర్జన్లు మొదటి సిలికాన్ జెల్ ఇంప్లాంట్ పెట్టారు. అది కదిలిపోతుందన్న భయం అప్పుడే ఉంది. అందుకే దాని వెనకవైపు డాక్రాన్ అనే పాలిస్టర్ గుడ్డ ముక్కలు అతికించారు. కణజాలం వాటిలోకి అల్లుకుని ఇంప్లాంట్‌ను పట్టి ఉంచుతుందని ఆలోచన. కానీ ఆ తరం ఇంప్లాంట్లతో రొమ్ము గట్టిపడిపోవడం చాలామందిలో కనిపించింది. ఒంట్లోకి పరాయి వస్తువు వస్తే శరీరం దాని చుట్టూ ఒక మచ్చపొర అల్లుతుంది. డాక్టర్లు దాన్ని క్యాప్సూల్ అంటారు. అది బిగిస్తే రొమ్ము గట్టిపడి ఇంప్లాంట్ పైకెక్కుతుంది, సాగితే కిందికో పక్కకో జారుతుంది.

1970లలో గుడ్డ ముక్కలు పోయి పలచటి తొడుగున్న ఇంప్లాంట్లొచ్చాయి. ఇంప్లాంట్‌ను ఛాతీ కండరం కింద పెట్టే పద్ధతి కూడా వాడుకలోకి వచ్చింది. గట్టిపడడం తగ్గింది గానీ, బకెట్ ఎత్తినా చపాతీ పిండి పిసికినా ఆ కండరం బిగిసి ఇంప్లాంట్‌ను కిందికీ పక్కకీ నెడుతుంది. మధ్య ఎముక దగ్గర కండరాన్ని ఎక్కువగా విడదీస్తే రెండు రొమ్ములూ కలిసిపోయినట్టు కనిపిస్తాయి.

తర్వాత గరుకు పైపొర ఉన్న ఇంప్లాంట్లు వచ్చాయి. ఇవి కణజాలాన్ని పట్టుకుని కదలకుండా ఉంటాయి, అందుకే డాక్టర్లకు నచ్చాయి. 2011లో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇంప్లాంట్లకూ అరుదైన ఒక లింఫోమాకూ (రోగనిరోధక కణాల్లో వచ్చే క్యాన్సర్‌కూ) సంబంధం ఉండొచ్చని హెచ్చరించింది. గరుకు రకాల్లోనే అది ఎక్కువని తర్వాత తేలింది. 2019 జులైలో అలెర్గాన్ కంపెనీ బయోసెల్ అనే తన గరుకు రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. లక్షణాలు లేనివాళ్లు తీయించుకోనక్కర్లేదని ఎఫ్‌డీఏ అప్పుడే చెప్పింది. ఈ మాట మనవాళ్లలో చాలామందికి చేరనే లేదు, అది నన్ను బాధపెడుతుంది. చాలామంది సర్జన్లు మళ్లీ నున్నటి రకానికి వచ్చారు. దాంతో జారే సమస్యా తిరిగొచ్చింది.

సరిచేయడమూ ఇలా మెట్టుమెట్టుగా మారింది. మొదటి నెలల్లో ఇంప్లాంట్ పైకి ఉండి, మెల్లగా దిగడం మామూలే, అందుకే డాక్టర్లు తొందరపడరు. నిజంగా జారితే, సాగిన క్యాప్సూల్‌ను మడిచి కుట్టడం పాత పద్ధతి, వదులైన జాకెట్‌కు పక్క కుట్టు వేసినట్టు. కానీ చర్మం పలచగా, ఇంప్లాంట్ బరువుగా ఉంటే కుట్లు మళ్లీ వదులవుతాయి. కాబట్టి ఇంప్లాంట్ కూర్చున్న పాత అరను మూసి, దాని ముందు కొత్త అర చేయడం వచ్చింది. 2000ల నుంచి, కణాలు తీసేసి శుద్ధి చేసిన చర్మపు పొరను కింద ఊయలలా ఆనించడం కూడా మొదలైంది. చాలాసార్లు చిన్న సైజుకు మారమంటారు. అసలు తీసేయించుకుంటామనే వాళ్లూ ఉన్నారు, అదీ సరైన నిర్ణయమే.

హైదరాబాద్‌లో దీనికి ఇంకో బరువుంది. అందం కోసం చేసే సర్జరీకి ఆరోగ్య బీమా వర్తించదు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి, వైద్యపరంగా తప్పనిసరైన చికిత్సకు మాత్రమే మినహాయింపు. అంటే రెండో ఆపరేషన్ ఖర్చు కూడా సాధారణంగా చేతినుంచే. అందుకే ఎంతోమంది నొప్పిని దాచుకుని వాయిదా వేస్తారు.

మొదట చెప్పిన ఆవిడ చివరికి ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ అనే సూపర్ స్పెషాలిటీ డిగ్రీ చేసిన ఇంకో సర్జన్ దగ్గరికి వెళ్లింది. ఆయన మొదట అడిగింది ఇంప్లాంట్ కార్డు: కంపెనీ, సైజు, సీరియల్ నంబరు. తర్వాత అది కండరం పైనా, కిందా అని రాసి ఉండే ఆపరేషన్ నోట్స్. ఆమె దగ్గర ఏదీ లేదు. మొదటి క్లినిక్ నుంచి వాటిని తెప్పించుకోవడానికి రెండు నెలలు పట్టింది.