అపోహలు - వాస్తవాలు: "నేను రాయలేదు సార్, ఫార్వర్డ్ చేశానంతే"

తిరుపతి కోర్టులో వకీలుగా పనిచేస్తున్నాను. వాట్సాప్ కేసుల్లో వచ్చేవాళ్లు కుర్చీలో కూర్చోకముందే చెప్పే మాట ఇది. మొన్న రేణిగుంట నుంచి డిగ్రీ చదివే పిల్లోడు వాళ్లమ్మతో వచ్చాడు. స్టేషన్ నుంచి ఫోన్ వచ్చిందట, రెండు రోజులుగా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. "మావోడు ఒక్క అక్షరం రాయలేదు సార్, ఎవురో పెట్టింది పంపించినాడు" అని ఆమె ఏడుస్తోంది.

ఫోన్ తీసుకుని చూశాను. పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే మనిషి ఫొటో. మోపెడ్ వెనక గంప, అందులో ఒకదాంట్లో ఒకటి దూర్చిన గిన్నెలు, పైన తాడు. కింద "పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు, కనిపిస్తే వదలొద్దు" అని రాసుంది. పైన రెండు బాణాల గుర్తు కూడా ఉంది, అంటే ఇది చాలాసార్లు చేతులు మారిందని వాట్సాపే చెబుతోంది. అలాంటిదాన్ని ఒకసారికి ఒక్కరికే పంపనిస్తుంది కదా, ఈ అబ్బాయి ఓపిగ్గా నాలుగుసార్లు నొక్కి నాలుగు గ్రూపులకు పంపాడు. ఆ గిన్నెలాయన్ని ఒక ఊళ్లో చుట్టుముట్టి కొట్టారు.

రాయకపోతే తప్పు కాదనుకోవడమే అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 353వ సెక్షన్ పుకారు పుట్టించినవాడితో పాటు దాన్ని వ్యాప్తి చేసినవాడినీ పట్టుకుంటుంది, 3 ఏళ్ల వరకు జైలు పడొచ్చు. నిజమని నమ్మడానికి సరైన కారణం ఉండి, చెడు ఉద్దేశం లేకుండా పంపినవాళ్లకు మినహాయింపు ఉంది, కాబట్టి భయపడి కుంగిపోకండి. కానీ "చదవకుండా పంపాను" అనేది ఆ కారణం కాదు. తమిళ నటుడు, మాజీ ఎమ్మెల్యే ఎస్.వి.శేఖర్ మహిళా జర్నలిస్టుల మీద వచ్చిన పోస్టు విషయంలో ఆ మాటే చెప్పుకున్నారు. ఫార్వర్డ్ చేసిన మెసేజ్ విల్లు నుంచి వదిలిన బాణం లాంటిదని 2023 జులైలో మద్రాస్ హైకోర్టు అంది, ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా కేసు కొట్టేయలేదు.

2018 మే నెల గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని మన చిత్తూరు జిల్లా పల్లెల్లో జనం రాత్రిళ్లు కర్రలు పట్టుకుని కాపలా కాశారు. అదే నెలలో తిరువణ్ణామలై జిల్లా పోలూరు దగ్గర, గుడికి బయల్దేరిన పెద్దామె దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిందని కొట్టి చంపేశారు. అప్పుడు ఆ పుకార్ల ఆడియోలు వాట్సాప్‌లో పంపినవాళ్లలో చాలామంది వాటిని తయారుచేసినవాళ్లు కాదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. మూడు ఎర్ర టిక్కులు పడితే ప్రభుత్వం కేసు పెడుతుందనేది శుద్ధ అబద్ధం, దయచేసి అది కూడా పంపకండి. గ్రూపులో ఎవరు ఏం పెట్టినా అడ్మిన్ జైలుకే పోతాడనేదీ తప్పే, 2022లో కేరళ హైకోర్టు కాదని చెప్పింది. ఇక ఐటీ చట్టం 66ఏ సెక్షన్ కింద కేసు పెడతామని ఎవరైనా బెదిరిస్తే వినకండి, సుప్రీంకోర్టు దాన్ని 2015లోనే కొట్టేసింది. డిలీట్ చేస్తే పోతుందా? మీ ఫోన్‌లో పోతుంది, అవతలివాళ్లు తీసిన స్క్రీన్‌షాట్ ఎక్కడికీ పోదు, పైగా సాక్ష్యం చెరిపారనే మాట కూడా పడుతుంది.

అందుకే ఆ పిల్లోణ్ణి ఏదీ చెరపొద్దన్నాను. ఆ ఫొటో అబద్ధం, ఎవరూ పంపొద్దని నాలుగు గ్రూపుల్లోనూ పెట్టమన్నాను. రెండింట్లోంచి అతన్ని అప్పటికే తీసేశారట. ఆ రెండు గ్రూపుల్లో తనకు నంబరు తెలిసిన ప్రతివాడికీ నా ముందే కూర్చుని ఒక్కొక్కరిగా ఫోన్ చేశాడు.