పిల్లలు, దెయ్యం సినిమాలు, నరుకుడు సినిమాలు: ఓపీలో తరచూ వినిపించే అపోహలు

నేను పిల్లల విభాగంలో పనిచేసే క్లినికల్ సైకాలజిస్టును. సంక్రాంతి, దసరా సెలవులు అయిపోయాక మా దగ్గరకు ఒక రకం కేసులు వరసపెట్టి వస్తాయి. బాత్రూమ్‌కి ఒంటరిగా వెళ్లనంటాడు, లైటు తీస్తే ఏడుస్తుంది, ఇద్దరి మధ్యలో దూరి పడుకుంటాడు. ఏం సినిమా చూశారని అడిగితే తల్లిదండ్రులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ తర్వాత వచ్చే జవాబులు దాదాపు ఇవే.

అపోహ: చిన్నపిల్లాడు, వాడికేం అర్థమవుతుంది?

అర్థం కాకపోవడమే అసలు ఇబ్బంది. కథ తెలిసిన పెద్దవాళ్లకు ఆ దెయ్యం ఎందుకొచ్చిందో, చివరికి ఏమవుతుందో ఒక అంచనా ఉంటుంది. నాలుగేళ్ల పిల్లవాడికి అదేమీ ఉండదు. మిగిలేది ఒక వికారమైన మొహం, చెవులు చిల్లులు పడే సౌండు, చుట్టూ చీకటి.

అమెరికాలో జోవాన్ కాంటర్ అనే పరిశోధకురాలు ఈ విషయం మీద చాలా ఏళ్లు పనిచేశారు. 1980ల్లో అక్కడి చిన్నపిల్లలు బాగా భయపడిన టీవీ కార్యక్రమాల్లో హల్క్ సీరియల్ ఒకటి. హల్క్ మంచివాడే, జనాన్ని కాపాడతాడు. కానీ మామూలు మనిషి పచ్చటి భారీ ఆకారంగా మారిపోతుంటే, బడికి వెళ్లే వయసు కూడా రాని పిల్లలు హడలిపోయారు. కొంచెం పెద్ద పిల్లలకు ఆ భయం లేదు, ఆయన మంచి పని మీద వస్తున్నాడని వాళ్లకు తెలుసు. అదే 1983లో అణుయుద్ధం మీద ఒక టీవీ సినిమా వచ్చినప్పుడు సీను తిరగబడింది. చిన్నవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు, టీనేజీ పిల్లలు కలవరపడ్డారు.

అంటే ఏడేళ్ల లోపు వాళ్లను ఆకారం భయపెడుతుంది. ఎనిమిది, తొమ్మిది దాటాక 'ఇది మనింట్లో కూడా జరగొచ్చు' అన్న ఆలోచన భయపెడుతుంది. రెండోదాన్ని ఇళ్లల్లో ఎవరూ గమనించరు. తొమ్మిదేళ్ల అమ్మాయి ఒకరు మా దగ్గరకు వచ్చింది. వాళ్ల నాన్న డ్యూటీకి బయల్దేరితే చాలు, కడుపునొప్పి. యూట్యూబ్‌లో ఏదో దెయ్యం వీడియో చూసి జడుసుకుందని ఇంట్లోవాళ్ల అనుమానం. బొమ్మ వేయమంటే దెయ్యాన్ని వేయలేదు. ఒక జీపు, దాని పక్కన పడిపోయిన మనిషి, తలుపు సందులోంచి చూస్తున్న పాప. అది ఒక మాస్ సినిమా ఫ్లాష్‌బ్యాక్. హీరో చిన్నప్పుడు వాళ్ల నాన్నను కళ్లముందే చంపే సీను. మన సినిమాల్లో అది ఎంత మామూలైపోయిందంటే, ఆ పది నిమిషాల్లో పెద్దవాళ్లు పాప్‌కార్న్‌కు లేచి వెళ్తారు.

అపోహ: 'ఇది సినిమారా, ఉత్తుత్తిదే' అని చెప్తే సరిపోతుంది

ఎనిమిదేళ్లు దాటిన వాళ్లతో కొంతవరకు పనిచేస్తుంది. మేకప్ ఎలా వేస్తారో, గ్రాఫిక్స్ ఎలా చేస్తారో చూపిస్తే ఇంకా బాగా పనిచేస్తుంది. ఐదేళ్ల వాడి దగ్గర మాత్రం ఈ మాటకు విలువ లేదు. 'ఉత్తుత్తిదే' అని వాడూ తిరిగి అప్పజెప్తాడు, రాత్రి మాత్రం మంచం కిందకు తొంగిచూస్తాడు. ఆ వయసులో తెలిసిన విషయం, కలిగే భయం రెండూ వేర్వేరు దారుల్లో నడుస్తాయి.

వాళ్లకు పనికొచ్చేది మాట కాదు, చేత. పక్కన కూర్చోండి, ఒంటి మీద చెయ్యి వేయండి, మంచినీళ్లో పాలో తాగించండి, ఇష్టమైన బొమ్మను చేతికివ్వండి. పగటిపూట ఆ దెయ్యం బొమ్మ వేయించి, దానికి మీసాలు పెట్టించి, తలమీద బకెట్ బోర్లించమనండి. పిల్లలు దీన్ని చాలా శ్రద్ధగా చేస్తారు. రాత్రికి ఒక చిన్న బెడ్‌లైటు. అంతకుమించి ఉపన్యాసాలు అక్కర్లేదు.

థియేటర్లో కళ్లు మూసే తల్లులకు ఒక మాట: సౌండు ఆగదు. తెరమీద ఏముందో కనపడనప్పుడు ఆ అరుపుకు తగ్గ ఆకారాన్ని పిల్లలు సొంతంగా తయారు చేసుకుంటారు. లేచి బయటకు తీసుకెళ్లడం మేలు, టికెట్ డబ్బులు పోతే పోయాయి.

అపోహ: రక్తం ఏమీ లేదు, మామూలు ఫైట్లే కదా

భయం సంగతి వేరు, నేర్చుకోవడం సంగతి వేరు. ఒళ్లు గగుర్పొడిచే సీను పిల్లల్ని భయపెడుతుంది. వాళ్లు అనుకరించేది మాత్రం శుభ్రంగా, అందంగా, స్లో మోషన్లో తీసిన ఫైటునే. కొట్టినవాడు అందగాడు, చుట్టూ ఈలలు, దెబ్బతిన్నవాడు గాల్లో తేలిపోయి ఎక్కడో పడతాడు, వాడి నొప్పి ఎవరూ చూడరు, పోలీసులు అడగరు. పిల్లవాడు అనుకరించడానికి ఏమేం కావాలో అన్నీ ఉన్నాయి. 1990ల్లో అమెరికా టీవీ కార్యక్రమాల మీద జరిగిన పెద్ద అధ్యయనం ఎక్కువ ప్రమాదకరమని తేల్చిన లక్షణాలు కూడా సరిగ్గా ఇవే: కొట్టేవాడు ఆకర్షణీయంగా ఉండటం, శిక్ష లేకపోవడం, నొప్పి కనిపించకపోవడం.

దీనికి మూలం స్టాన్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ బండూరా చేసిన బోబో బొమ్మ ప్రయోగాలు. 1961లో పెద్దవాళ్లు గాలి బొమ్మను చితకబాదడం చూసిన పిల్లలు అచ్చం అలాగే చేశారు. 1965 నాటి ప్రయోగం గురించి తక్కువమందికి తెలుసు, నాకు మాత్రం అదే ముఖ్యం. బొమ్మను కొట్టిన మనిషికి ఫిల్మ్‌లో శిక్ష పడటం చూసిన పిల్లలు తక్కువగా అనుకరించారు. కానీ 'వాడు చేసింది చేసి చూపిస్తే బహుమతి ఇస్తాం' అనగానే తేడా పోయింది. శిక్ష చూసినవాళ్లు కూడా నేర్చుకున్నారు, బయటపెట్టలేదంతే. 'మావాడు చూస్తాడు గానీ ఎవర్నీ కొట్టడండీ' అని చెప్పే తల్లిదండ్రులు ఈ ఒక్క విషయం గుర్తుంచుకోవాలి.

చివర్లో విలన్ చస్తాడు కదా, మంచే గెలిచింది కదా అంటారు. ఐదేళ్ల వాడు రెండున్నర గంటల ముందు సీనుకీ క్లైమాక్స్‌కీ లింకు పెట్టలేడు.

అపోహ: హింస సినిమాలు చూసిన పిల్లలు నేరస్తులవుతారు

కారు. చిన్నప్పుడు టీవీలో హింస ఎక్కువగా చూసినవాళ్లలో పెద్దయ్యాక దూకుడు కొంత ఎక్కువగా ఉందని కొన్ని దీర్ఘకాల అధ్యయనాలు చెప్పాయి. ఆ ప్రభావం చిన్నదే, దాని మీద నిపుణుల మధ్య వాదన ఇంకా నడుస్తోంది. ఇంట్లో నాన్న అమ్మ మీద చెయ్యి ఎత్తడం చూసే పిల్లవాడి గురించి నేను ఎక్కువ కంగారు పడతాను. స్కూల్లో గొడవ జరిగితే సినిమా మీద నెట్టేయడం అందరికీ సుళువు.

అపోహ: యూ/ఏ సర్టిఫికెట్ ఉంది, అంటే పిల్లలకు ఓకే

యూ/ఏ అంటే తల్లిదండ్రులు ఆలోచించి నిర్ణయించుకోవాలని. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి దీన్ని మూడుగా విడగొట్టారు: యూ/ఏ 7+, యూ/ఏ 13+, యూ/ఏ 16+. పోస్టర్ మీద ఆ అంకె చిన్నగా ఉంటుంది, వెతికి చూడండి. ఆ వయసు లోపు పిల్లలు మీతో వస్తే థియేటర్ వాళ్లు ఆపాల్సిన పని లేదు, అది మీకు ఇచ్చిన సలహా మాత్రమే. పెద్దలకు మాత్రమే అని ఇచ్చే 'ఏ' సర్టిఫికెట్ మాత్రం వేరు. 18 ఏళ్ల లోపు వాళ్లకు, అమ్మానాన్నలు పక్కన ఉన్నా సరే, ప్రవేశం లేదు. గేటు దగ్గర 'మా పిల్లలు, మా ఇష్టం' అని గొడవ పెట్టుకునేవాళ్లకు ఇది తెలిసినట్టు లేదు.

ఓటీటీలో సిరీస్‌లకు కనిపించే వయసు రేటింగ్ సెన్సార్ బోర్డు ఇచ్చింది కాదు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఆయా సంస్థలే వేసుకుంటాయి. 13+ నుంచి పైవాటికి పేరెంటల్ లాక్ సదుపాయం తప్పనిసరి. లాక్ ఉంది, కానీ పిన్ నంబరు ఇంటిల్లిపాదికీ తెలిసిన పుట్టినరోజు తేదీ అయితే ఉపయోగం ఏముంది?

అపోహ: మేం చూశాం, అంత భయంకరంగా ఏమీ లేదు

2014లో పీడియాట్రిక్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. వెయ్యిమంది తల్లిదండ్రులకు సినిమాల్లోని హింస, శృంగార సీన్లు ఆరు వరసగా చూపించి, ఒక్కోదాని తర్వాత ఈ సినిమాను ఏ వయసు పిల్లలకు చూపించొచ్చని అడిగారు. మొదటి సీను తర్వాత సగటున దాదాపు 17 ఏళ్లు అన్నవాళ్లు, ఆరో సీను తర్వాత దాదాపు 14కు దిగిపోయారు. మధ్యలో పిల్లలు మారలేదు, చూసేవాళ్ల కళ్లు మొద్దుబారాయి, అంతే. వారానికి రెండు క్రైమ్ సిరీస్‌లు పూర్తి చేసే ఇంట్లో 'ఫర్వాలేదు' అన్న మాటను నేను అంత తేలిగ్గా నమ్మను.

అపోహ: చూపిస్తే ధైర్యం వస్తుంది

భయం పోగొట్టడానికి మేమూ భయపడేదాన్నే చూపిస్తాం. కానీ అతి చిన్న మెట్టు నుంచి మొదలుపెడతాం, ఎప్పుడు ఆపాలో పిల్లవాడే చెప్తాడు. థియేటర్లో గట్టిగా పట్టుకుని 'చూడు, ఏం కాదు, మగాడివి కాదూ' అనడంలో ఈ రెండూ లేవు. వాడికి వచ్చేది ధైర్యం కాదు, భయం వేస్తే ఇంట్లో చెప్పకూడదన్న పాఠం. నవ్వుతూ చూశాడు కాబట్టి భయం లేదని అనుకోకండి. కజిన్స్ వరసలో కూర్చున్న పదేళ్ల వాడు నవ్వక ఏం చేస్తాడు?

తాయెత్తు, దిష్టి గురించి కూడా అడుగుతారు. కట్టించుకుంటే నాకేం అభ్యంతరం లేదు, అమ్మమ్మ మనసు కుదుటపడుతుంది. 'దెయ్యం రాకుండా కట్టాం' అని మాత్రం పిల్లలతో అనకండి. దెయ్యం ఉందని పెద్దవాళ్లే ఒప్పుకున్నట్టు అవుతుంది. స్నానానికి వెళ్లేముందు ఆ తాడు తీసేస్తే ఆ పూట ఎలా గడుస్తుందో మీరే చూస్తారు.

అపోహ: అర్ధరాత్రి కేకలేసి లేస్తున్నాడు, ఆ సినిమా దెయ్యమే కల్లోకొస్తోంది

కావచ్చు, కాకపోవచ్చు. టైము చూడండి. తెల్లవారుజామున ఏడుస్తూ లేచి, కల చెప్పి, మిమ్మల్ని కరుచుకుంటే అది పీడకల. దానికి సినిమాతో సంబంధం ఉండొచ్చు. పడుకున్న గంటా రెండు గంటలకే కేక వేసి, కళ్లు తెరిచి ఉన్నా మిమ్మల్ని గుర్తుపట్టక, చెమటలు పట్టి, కాసేపటికి మళ్లీ పడుకుని, పొద్దున్న ఏమీ గుర్తులేదంటే అది నైట్ టెర్రర్. గాఢనిద్రలోంచి సగం మేలుకోవడం వల్ల వస్తుంది. నిద్ర చాలకపోవడం, జ్వరం దీన్ని ఎక్కువ చేస్తాయి. ఈ లెక్కన సెకండ్ షోలో దెయ్యం ఉన్నా లేకపోయినా, ఒంటిగంటకు ఇంటికి చేరడమే కారణం కావచ్చు. 2025 జనవరిలో తెలంగాణ హైకోర్టు 16 ఏళ్ల లోపు పిల్లలను రాత్రి 11 తర్వాత, ఉదయం 11 లోపు షోలకు రానివ్వొద్దని చెప్పి, కొన్ని వారాలకే సడలించింది. చట్టం సంగతి ఎలా ఉన్నా, స్కూలు పిల్లలకు రాత్రి 11 తర్వాత షో ఏమిటని నాకు అనిపిస్తుంది.

నైట్ టెర్రర్ వచ్చినప్పుడు కుదిపి లేపకండి, మొహాన నీళ్లు కొట్టకండి. కింద పడకుండా చూసుకుంటే చాలు. ఓ వారం రోజులు అరగంట ముందు పడుకోబెట్టి చూడండి. నిద్రలో ఒళ్లు బిగుసుకుపోవడం, ఒకవైపే కొట్టుకోవడం, పక్క తడిపేయడం ఉంటే మొబైల్లో వీడియో తీసి పిల్లల డాక్టరుకు చూపించండి, ఫిట్స్ కాదని తేల్చుకోవాలి. పీడకలలు, ఒంటరిగా ఉండలేకపోవడం రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోయినా, బడికి వెళ్లనని మొండికేసినా మా దగ్గరకు తీసుకురండి. వచ్చేముందు ఏ సినిమా అన్నది కాదు, ఏ సీను అన్నది కనుక్కుని రండి.