సైన్సు పోటీకి రెండో ఏడు గండం

రాత్రి పదకొండు దాటింది. ఒక ఆన్‌లైన్ సైన్సు రచనల పోటీకి న్యాయనిర్ణేతగా ఉండమంటే సరదాపడి ఒప్పుకున్నాను. ఇంకా పందొమ్మిది వ్యాసాలు చూడాలి. తెరిచిన వ్యాసం మైటోకాండ్రియా మీద. మొదటి వాక్యం: ‘మైటోకాండ్రియా అనేది గది యొక్క విద్యుత్ గృహం.’ గదేమిటా అని ఒక నిమిషం ఆలోచించాను. ఇంగ్లిషులో సెల్ అంటే కణమూ అవుతుంది, జైలు గదీ అవుతుంది. అనువదించిన యంత్రానికి ఆ పూట గది తట్టింది. కింద ఇంకోచోట ‘మొక్క గదులు’ కూడా ఉన్నాయి.

నిబంధనల ప్రకారం చూస్తే వ్యాసంలో లోటేమీ లేదు. పొడవు సరిపోయింది, మూలాలున్నాయి, బొమ్మ ఉంది. ఆ రచయితకు ఆ నెలలో అది నలభై ఒకటో వ్యాసం. తిప్పి పంపాలంటే కారణం రాయాలి. కారణం రాయడానికి నాకు పట్టిన సమయం, ఆయనకు ఆ వ్యాసం తయారు చేయడానికి పట్టిన సమయం కన్నా కచ్చితంగా ఎక్కువే.

ఆ పోటీ మరుసటి ఏడాది జరగలేదు. డబ్బుల్లేక కాదు, న్యాయనిర్ణేతలు దొరక్క. ఇంటర్నెట్లో సైన్సు పోటీల చరిత్ర తిరగేస్తే ఈ రెండో ఏడు గండం చాలాచోట్ల కనిపిస్తుంది. గట్టెక్కినవాళ్లూ ఉన్నారు. ఎలా గట్టెక్కారో చూడాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

పోటీ పెట్టి రాయించడం మనకు కొత్త కాదు. 1890ల్లోనే రాజమండ్రి నుంచి వచ్చిన చింతామణి పత్రిక నవలలకు ఏటా పోటీ పెట్టింది. న్యాపతి సుబ్బారావు బహుమతులిచ్చారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం ఒకటికి రెండుసార్లు ఆ బహుమతి అందుకుని నవలాకారుడిగా నిలబడ్డారు. అప్పటికి తెలుగులో నవలలు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని. ఏడాది తిరిగేసరికి మళ్లీ పోటీ ఉంటుందన్న నమ్మకం ఉంటే రాసేవాళ్లు ముందునుంచే సిద్ధపడతారు. ఆ తర్వాత వారపత్రికల దీపావళి, ఉగాది కథల పోటీలు నడిచింది కూడా ఈ నమ్మకం మీదే. సైన్సుకు మాత్రం అలాంటి పోటీ సంప్రదాయం ఏర్పడలేదు. 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్రతోపాటు శాస్త్ర గ్రంథాలూ వేసింది గానీ, మండలి పేరు చెబితే ఇవాళ ఎక్కువమందికి గుర్తొచ్చే పోటీలు నవలలవే.

ఇంటర్నెట్‌లో ఈ తరహా పోటీకి ఊపు వచ్చింది ఫోటోలతో. 2010లో నెదర్లాండ్స్‌లో వికీపీడియా రాసేవాళ్లు కొందరు ఒక పోటీ పెట్టారు. మీ ఊళ్లోని చారిత్రక కట్టడాన్ని ఫోటో తీసి, ఎవరైనా వాడుకునేలా స్వేచ్ఛా లైసెన్సుతో వికీపీడియావాళ్ల ఉమ్మడి బొమ్మల భాండారం వికీమీడియా కామన్స్‌లో ఎక్కించండి అన్నారు. పేరు వికీ లవ్స్ మాన్యుమెంట్స్. మొదటి ఏడాది పన్నెండు వేల పైచిలుకు ఫోటోలొచ్చాయి. 2011లో యూరప్‌లో 18 దేశాలకు పాకి 1,68,208 ఫోటోలయ్యాయి. ప్రపంచంలోకెల్లా పెద్ద ఫోటో పోటీ అని గిన్నిస్ బుక్కు రాసుకుంది. 2012లో మనదేశం కూడా చేరింది. ఆ ఏడాది ప్రపంచ ప్రథమ బహుమతి ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ సమాధి ఫోటోకే వచ్చింది.

ఈ పోటీ ఏటా ఎందుకు నిలబడిందో గమనించండి. కట్టడాలకు ప్రభుత్వ జాబితా ఉంటుంది. ప్రతి కట్టడానికీ ఒక నంబరు. ఫోటో ఎక్కించేటప్పుడు ఆ నంబరు వేస్తే చాలు, అది పోటీ పరిధిలోదా కాదా అన్న తగువే రాదు. నెల కూడా దాదాపు ఖాయం, సెప్టెంబరు. ప్రతి దేశంలో ఒక స్థానిక కమిటీ వడపోసి పది ఫోటోలే పైకి పంపుతుంది. లక్షల ఫోటోలొచ్చినా చివరి న్యాయనిర్ణేతల ముందుకు వచ్చేవి కొన్ని వందలే. 2013లో ఉక్రెయిన్ వాళ్లు ఇదే పద్ధతిని రక్షిత అడవులకూ ప్రకృతి ప్రదేశాలకూ వర్తింపజేసి వికీ లవ్స్ ఎర్త్ మొదలుపెట్టారు. అక్కడా ప్రభుత్వ జాబితాయే ఆధారం.

సైన్సుకు జాబితా ఏదీ? దుమ్ముకణం నుంచి నెబ్యులా దాకా అంతా సైన్సే. ఈ చిక్కు విప్పినవాళ్లు ఎస్టోనియావాళ్లు. ఆ దేశం జనాభా సుమారు 13 లక్షలు, అంటే మన దగ్గర ఒక ఓ మోస్తరు నగరం. 2011లో వాళ్లు సైన్సు ఫోటోల పోటీ పెట్టారు. 2015లో దాన్ని యూరప్ అంతటికీ విస్తరించారు. నలభైకి పైగా దేశాల నుంచి దాదాపు పది వేల బొమ్మలొచ్చాయి. 2017లో వికీ సైన్స్ కాంపిటీషన్ పేరుతో ప్రపంచ పోటీ అయింది. అప్పటినుంచి బేసి సంవత్సరాల్లో జరుగుతోంది.

ఏటా కాదు, ఏడాది విడిచి ఏడాది. నాకు వాళ్ల తెలివంతా ఇక్కడే కనిపిస్తుంది. గుడి గోపురం ఫోటో బాగుందో లేదో ఫోటోలు తీసే ఎవరైనా చెప్పగలరు. సూక్ష్మదర్శిని కింద తీసిన బొమ్మలో కనిపిస్తున్నది రాసినవాళ్లు చెప్పిందేనా కాదా అన్నది ఆ రంగంలో పనిచేసేవాళ్లే చెప్పాలి. వాళ్లకు తరగతులుంటాయి, ప్రాజెక్టులుంటాయి. ప్రతి ఏడాదీ పిలిస్తే రెండోసారే ఫోన్ ఎత్తరు.

జాబితా లేని లోటును విభాగాలతో పూడ్చారు. సైన్సు చేస్తున్న మనుషులు, సూక్ష్మదర్శిని చిత్రాలు, వీడియోలూ యానిమేషన్ల లాంటి ఫోటో కానివి, ఒకే విషయం మీద వరుస చిత్రాలు, ఇవేవీ కానివాటికి సాధారణ విభాగం. తర్వాతి విడతల్లో వన్యప్రాణులు, ఖగోళం వచ్చి చేరాయి. సూక్ష్మదర్శిని ఫోటోలకు పోటీ పెట్టడంలో వీళ్లు మొదటివాళ్లేం కాదు. నికాన్ కంపెనీ 1975 నుంచీ స్మాల్ వరల్డ్ పేరుతో ఏటా పెడుతోంది. కాకపోతే కంపెనీ పోటీలో బొమ్మ గెలిస్తే అయిపోయింది. వికీ పోటీలో ఆ బొమ్మ రేపు ఏదో ఒక వ్యాసంలో కూర్చోవాలి.

అక్కడే అసలు పని మొదలవుతుంది. హైస్కూల్లో అందరం చూసిన ఉల్లిపొరనే తీసుకోండి. గాజు పలక మీద పొర పరిచి, సాఫ్రానిన్ అనే ఎర్రరంగు చుక్క వేసి, కవర్ స్లిప్ పెట్టి, సూక్ష్మదర్శిని కంటి కటకానికి ఫోన్ ఆనించి ఫోటో తీశారనుకుందాం. ఎర్రటి ఇటుకల గోడలాగా బ్రహ్మాండంగా వస్తుంది. కింద ‘ఉల్లి కణాలు’ అని రాసి ఎక్కిస్తే అది అందమైన బొమ్మ, అంతే. ఏ రంగు వేశారు, కనిపిస్తున్న చుక్క కేంద్రకమా లేక గాలిబుడగా, ఎన్ని రెట్లు పెద్దది చేశారు అన్నవి రాస్తేనే అది పాఠానికి పనికొస్తుంది. పైన 10, కింద 40 కటకాలు వాడాం కాబట్టి 400 రెట్లు అని రాస్తే కూడా చాలదు. అదే బొమ్మ ఫోన్‌లో ఒక సైజు, ప్రొజెక్టర్ మీద ఇంకో సైజు. అందుకే బొమ్మ మూలన ఇంత పొడవంటే ఇన్ని మైక్రోమీటర్లు అని ఒక చిన్న గీత గీస్తారు. ఆ గీత ఉన్న బొమ్మ చూస్తే న్యాయనిర్ణేతకు ప్రాణం లేచొస్తుంది.

ఫోటోకు ఇంకో సుఖం, భాషతో పనిలేదు. ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో తీసిన నాచు ఫోటో తెలుగు వ్యాసంలోనూ పనికొస్తుంది. రాతపోటీల కథ వేరు.

2009–10లో గూగుల్ స్వాహిలీ భాషలో వికీపీడియా వ్యాసాల పోటీ పెట్టింది. కెన్యా, టాంజానియా విద్యార్థులకు లాప్‌టాప్‌లూ ఫోన్లూ బహుమతులు. వందల వ్యాసాలొచ్చాయి. బహుమతులు పంచడం అయ్యాక రాసినవాళ్లలో చాలామంది మళ్లీ అటు రాలేదు. వాళ్లు వదిలిపోయిన తప్పులు దిద్దే పని మొదటినుంచీ ఉన్న పిడికెడుమందికి మిగిలింది.

అదే రోజుల్లో మన భాషల మీదా గూగుల్ అనువాద పరికరం ప్రయోగం జరిగింది. ఇది పోటీ కాదు, డబ్బులిచ్చి చేయించింది. ఇంగ్లిషు వ్యాసాలను యంత్రంతో తిప్పి, మనుషుల చేత కొంచెం సరిచేయించి ఎక్కించారు. బెంగాలీవాళ్లు ఒప్పుకోలేదు. తమిళులు కూర్చుని షరతులు మాట్లాడుకున్నారు. తెలుగు వికీపీడియాలోకి మాత్రం బారెడు పొడవు వ్యాసాలు వచ్చిపడ్డాయి. వాటిని ‘గూగుల్ అనువాద వ్యాసాలు’ అని వేరే వర్గంగా పెట్టుకుని ఏళ్ల తరబడి దిద్దుకుంటూ వచ్చారు. తెలుగు వికీపీడియన్లకు సంఖ్యలంటే అనుమానం అప్పుడే మొదలైందని నేననుకుంటాను.

2015లో వచ్చిన వికీపీడియా ఆసియా మాసం, ఆసియా దేశాల మీద వ్యాసాలు రాసే పోటీ, ఇంకో దారి పట్టింది. బహుమతి ఒక పోస్టుకార్డు. నవంబరులో కొన్ని వ్యాసాలు రాస్తే ఇంకో ఆసియా దేశం నుంచి మీ ఇంటికి కార్డు వచ్చేది. దానికోసం ఎవరూ యంత్రం పెట్టి వందల వ్యాసాలు దంచరు. కార్డు వచ్చినప్పుడు ఉత్సాహం మాత్రం తక్కువేం ఉండదు. ఆ పోటీ మొదటి ఏడాదితో ఆగకుండా ఏటా నవంబరులో మళ్లీ వచ్చిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

2018లో భారతీయ భాషల వికీపీడియాలకు ప్రాజెక్ట్ టైగర్ అనే వ్యాసాల పోటీ జరిగింది. పంజాబీ మొదటి స్థానం, తమిళం రెండో స్థానం. అందులో వ్యాసం కనీసం 300 పదాలు, 9,000 బైట్లు ఉండాలన్నారు. కంప్యూటర్ రాతను కొలిచే ఈ బైట్ల లెక్క ఇంగ్లిషువాళ్లకు ఒకరకం, మనకు ఒకరకం. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు. తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు. కంటికి ఒక్క అక్షరంలా కనిపించే ‘స్త్రీ’లో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిసి ఆరు గుర్తులు, మొత్తం పద్దెనిమిది బైట్లు! ఒత్తులు, సంస్కృత సమాసాలు దట్టించి రాస్తే వ్యాసం లెక్కలో బరువెక్కుతుంది. ఆసియా మాసంలో అందరికీ ఒకటే 3,000 బైట్లు పెట్టారు గనక తెలుగులో అది వెయ్యి గుర్తులకే అయిపోయేది, 300 పదాల నిబంధన లేకపోతే. టైగర్‌వాళ్లు మూడింతలు చేసింది అందుకేనేమో అనిపిస్తుంది.

సంఖ్యను బట్టి గెలిపిస్తే జనం సంఖ్యనే పెంచుతారు. 2020లో వికీపీడియాలో బొమ్మల్లేని వ్యాసాలకు బొమ్మలు పెట్టే పోటీ మొదలైంది. ఎన్ని వ్యాసాలకు పెడితే అంత గెలుపు. మరుసటి ఏడాదికే సంబంధం లేని బొమ్మలు అతికిస్తున్నారని అనేక భాషల్లో ఫిర్యాదులు వచ్చి నిబంధనలు బిగించాల్సి వచ్చింది.

ఇక తెలుగు సైన్సు దగ్గరకొస్తే, న్యాయనిర్ణేతలు ముగ్గురు దొరికినా ముగ్గురి మధ్యా మాటల తగువు ఒకటుంటుంది. 1968లో ఏర్పడ్డ తెలుగు అకాడమీ పారిభాషిక పదకోశాలు వేసింది. వాటిలో చదువుకున్నవాళ్లకు కిరణజన్య సంయోగక్రియ అన్నం తిన్నంత సహజం. ఇంగ్లిషు మీడియం నుంచి వచ్చిన కుర్రాళ్లు ఫోటోసింథసిస్ అనే రాస్తారు. ఆక్సిజన్‌ను ఆమ్లజని అనలేదని ఒక పెద్దాయన మార్కులు కోశారు. అదే వ్యాసంలో నత్రజని అని ఉందని ఇంకొకరు, అదేంటి ఒకటి తెలుగు ఒకటి ఇంగ్లిషు అని కోశారు. నిజానికి జనం మాట్లాడేదే అలా, నత్రజనీ ఆక్సిజనూ కలిపే. వేమూరి వెంకటేశ్వరరావుగారిలా ఏళ్ల తరబడి కూర్చుని మాటలు కూర్చినవాళ్లున్నారు గానీ, పోటీ నడిచే నెలలో నిఘంటువు ముందేసుకునే తీరిక ఎవరికుంటుంది? పోటీకి ముందే ఒక యాభై మాటల పట్టిక ఇచ్చి, వీటిలో ఏది రాసినా ఒప్పే అని చెప్పేస్తే సగం తగువులు తీరతాయి. మేం చేయలేదు.

తేదీ ఇంకో చిక్కు. సైన్సు అనగానే అందరూ ఫిబ్రవరి 28 అంటారు, జాతీయ విజ్ఞాన దినోత్సవం. రాయగలిగిన విద్యార్థులూ దిద్దగలిగిన లెక్చరర్లూ ఇద్దరూ పరీక్షల్లో మునిగి ఉండేది సరిగ్గా అప్పుడే. ఎస్టోనియావాళ్ల పోటీ నవంబరులో మొదలవుతుంది. మనకూ ఆ నెల బాగానే కుదురుతుంది, దసరా సెలవులు అయిపోయి, సంక్రాంతి ఇంకా రాక.

1988లో ఏర్పడ్డ జన విజ్ఞాన వేదిక బడి పిల్లలకు చెకుముకి సైన్సు పోటీలు ఏళ్ల తరబడి నడిపింది. బడి, మండలం, జిల్లా, రాష్ట్రం, ఇలా మెట్లుమెట్లుగా. ప్రతి మెట్టు దగ్గరా పేపరు దిద్దే టీచరు ఒకరుంటారు. ఆన్‌లైన్ పోటీల్లో మేం వదిలేసింది ఈ మెట్లనే. ఎవరైనా ఎక్కడినుంచైనా పంపొచ్చు అన్నాం, అన్నీ నేరుగా ముగ్గురి నెత్తిన పడ్డాయి.

ఈమధ్య మళ్లీ పెడదామని ఒకరు బడ్జెట్ పట్టిక పంపారు. మొదటి వరస బహుమతులు, రెండోది టీషర్టులు, మూడోది ముగింపు సభకు హాలు అద్దె, నాలుగోది జ్ఞాపికలు. దిద్దేవాళ్ల పేరుమీద వరస లేదు. ఐదోది ఒకటి కలిపి, ‘న్యాయనిర్ణేతలు: తొమ్మిదిమంది, ఒక్కొక్కరికి ఇరవై వ్యాసాలకు మించకుండా’ అని రాసి తిప్పి పంపాను. టీషర్టులు తీసేయాల్సి వస్తుందే అని జవాబొచ్చింది.