ప్రిజర్వేటివ్‌లకు పసుపు పాలు విరుగుడా? కొన్ని అపోహలు, వాస్తవాలు

పచ్చళ్లు, జ్యూసుల తయారీలో పనిచేస్తానని తెలిస్తే చాలు, ఎవరైనా అడిగేది ఒకటే: "ప్యాకెట్ తిండి ఎలాగూ మానలేం, పాడవకుండా అందులో వేసే ప్రిజర్వేటివ్‌లకు విరుగుడేంటి?" జవాబు కూడా వాళ్ల దగ్గరే ఉంటుంది. పసుపు పాలు, గ్రీన్ టీ, ఉసిరి. వాటిలో యాంటీఆక్సిడెంట్లు (ఆక్సీకరణ వల్ల జరిగే నష్టాన్ని అడ్డుకునే పదార్థాలు) ఉంటాయి కదా అని.

అపోహ: యాంటీఆక్సిడెంట్లు ఏ ప్రిజర్వేటివ్ విషాన్నైనా విరిచేస్తాయి.

వాస్తవం: ఒక్కో ప్రిజర్వేటివ్‌ది ఒంట్లో ఒక్కో దారి. పచ్చళ్లలో వేసే సోడియం బెంజోయేట్ (లేబుల్ మీద 211) లివర్‌లో గ్లైసిన్ అనే అమైనో ఆమ్లంతో కలిసి, హిప్యూరిక్ ఆమ్లంగా మారి మూత్రంలో పోతుంది. అక్కడ పసుపుకు పనిలేదు. యాంటీఆక్సిడెంట్లు విరుగుడని వాట్సాప్‌లో తిరిగే పరిశోధనలు ఎక్కువగా ఎలుకల మీద చేసినవే. వాటికి పట్టించే మోతాదులు మన కంచంలోకి రావు. కిలోకి 250 మిల్లీగ్రాములు వేసిన పచ్చడి 20 గ్రాములు తింటే లోపలికి వెళ్లేది 5 మిల్లీగ్రాములు. డబ్ల్యూహెచ్‌ఓ, ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ)ల నిపుణుల కమిటీ 2021లో సవరించిన పరిమితి కిలో శరీర బరువుకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 1200. ఆ పచ్చడిలో నన్నడిగితే భయపడాల్సింది ఉప్పుకి. దానికి గ్రీన్ టీ ఏం చేస్తుంది?

అపోహ: విటమిన్ సి కలిపిన డ్రింక్ ఇంకా సేఫ్.

వాస్తవం: ఇక్కడే కథ అడ్డం తిరుగుతుంది. పుల్లటి డ్రింకులో బెంజోయేట్, విటమిన్ సి (లేబుల్ మీద 300, ఇదీ యాంటీఆక్సిడెంటే) రెండూ ఉంటే, కాస్త ఇనుమో రాగో తగిలి, వేడి, వెలుతురు తోడైతే కొద్దికొద్దిగా బెంజీన్ పుడుతుంది. అది క్యాన్సర్ కారకం. 2005 తర్వాత అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరీక్షించిన డ్రింకుల్లో చాలావాటిలో అది తాగునీటి పరిమితి అయిన 5 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో 5) లోపే ఉంది. దాటిన కొన్నిటికి కంపెనీలు ఫార్ములా మార్చాయి. కాబట్టి గాభరా వద్దు. కానీ 211, 300 రెండూ రాసున్న సీసాని ఎండలో నిలబెట్టిన కారులో వదలొద్దు, కొట్టు బయట ఎండలో పేర్చినవి కొనొద్దు.

అపోహ: అయితే యాంటీఆక్సిడెంట్లు ఉత్తదే.

వాస్తవం: సాసేజ్, బేకన్‌లలో వేసే నైట్రైట్ (250) దగ్గర అవి నిజంగా పనిచేస్తాయి. నైట్రైట్ మాంసంలోని అమీన్లు అనే పదార్థాలతో కలిస్తే క్యాన్సర్ తెచ్చే నైట్రోసమీన్లు వస్తాయి, విటమిన్ సి ఆ చర్యకు అడ్డుపడుతుంది. అందుకే అమెరికాలో ఉప్పునీటి ద్రావణాన్ని లోపలికి పంపు చేసి తయారుచేసే బేకన్‌కు 120 పీపీఎం (పది లక్షల భాగాల్లో 120) నైట్రైట్‌తో పాటు 550 పీపీఎం ఆస్కార్బేట్ (విటమిన్ సి రూపం) గానీ, దాన్ని పోలిన ఎరిథోర్బేట్ గానీ తప్పనిసరి. అది తయారీలో వేయాలి, తిన్నాక మాత్ర మింగితే అదే ఫలితం రాదు. అయినా ప్రాసెస్డ్ మాంసాన్ని 2015లో డబ్ల్యూహెచ్‌ఓ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ గ్రూప్ 1, అంటే మనుషుల్లో రుజువైన క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. "నైట్రైట్ వేయలేదు" అని సెలరీ పొడి వాడే కంపెనీలూ ఉన్నాయి. ఆ పొడి పనిచేసేది కూడా నైట్రైట్‌గానే!

అపోహ: యాంటీఆక్సిడెంట్ అంటే సహజమైనదే.

వాస్తవం: నూనెలు, చిప్స్ పాడవకుండా వేసే టీబీహెచ్‌క్యూ (319), బీహెచ్‌ఏ (320) కూడా యాంటీఆక్సిడెంట్లే, ఫ్యాక్టరీలో చేసినవి. ఎండు పళ్లలో వాడే సల్ఫైట్ (220 నుంచి 228) కూడా అంతే. అది కొందరు ఆస్తమా రోగులకు ఆయాసం తెప్పిస్తుంది. వాళ్లకు ఉసిరి కాదు, లేబుల్ చదవడం ముఖ్యం.

అపోహ: మాత్రల్లో ఎంత ఎక్కువ తీసుకుంటే అంత మంచిది.

వాస్తవం: ఫిన్లాండ్‌లో 29 వేల మందికి పైగా పొగతాగే మగవాళ్ల మీద జరిపిన ట్రయల్ ఫలితాలు 1994లో వచ్చాయి. బీటా కెరోటిన్ (క్యారెట్‌లో ఉండే యాంటీఆక్సిడెంట్) మాత్రలు వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనిపించింది.