ఒకే గంజి, ఎన్నో కుండలు

అమెరికాలో ఇంట్లో బీరు కాచుకునేవాళ్లు ఏటా మే నెల మొదటి శనివారం ఒకచోట చేరతారు. ఎవరిదో ఒకరి పెరట్లో పెద్ద పెద్ద డేగిసాలు పొయ్యికెక్కుతాయి. ఆ రోజును వాళ్లు బిగ్ బ్రూ డే అంటారు. 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం వచ్చాకే అక్కడ ఇంటి బీరుకు కేంద్ర స్థాయిలో అనుమతి దొరికింది. అన్ని రాష్ట్రాలూ ఒప్పుకునేసరికి 2013 వచ్చింది.

బీరు కాయడానికి ఐదారు గంటలు పడుతుంది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడి నీళ్లలో ఒక గంట నానబెట్టాలి, వడగట్టాలి, ఇంకో గంట మరిగించాలి, తొందరగా చల్లార్చాలి. పదిమంది ఉంటే పని తేలికవుతుంది, సామాను కొనే ఖర్చూ పంచుకోవచ్చు. ఆ సాయం కన్నా నాకు విలువైనదిగా కనిపించేది వేరే ఉంది. ఒకే డేగిసాలో కాచిన తియ్యటి ద్రవాన్ని, వాళ్ల మాటలో వోర్ట్‌ను, తలా కొంత పంచుకుని ఇళ్లకు తీసుకెళ్తారు. ఒకరు ఒక రకం ఈస్ట్ (పులియబెట్టే సూక్ష్మజీవి) వేస్తారు, ఇంకొకరు మరో రకం. ఒకరి ఇల్లు చల్లగా ఉంటుంది, ఇంకొకరిది వెచ్చగా ఉంటుంది. కొన్ని వారాల తర్వాత మళ్లీ కలిసి రుచి చూస్తారు. మొదలు ఒకటే కాబట్టి, తేడా ఎక్కడొచ్చిందో వెతికి పట్టుకోవచ్చు. ఒక్కడే కూర్చుని ఎన్నిసార్లు కాచినా ఇంత స్పష్టంగా తెలియదు, ఎందుకంటే ప్రతిసారీ గింజ, నీళ్లు, ఎండ అన్నీ కలిసి మారిపోతాయి.

మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరైనా సారాయైనా కాయడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. కర్నూలులో మా కాలనీవాళ్లం ఎండాకాలం మొదట్లో మిద్దె మీద కలిసింది అంబలి కోసం. అయితే బీరుకీ అంబలికీ సగం దారి ఒకటే. గింజలోని పిండిపదార్థాన్ని గింజ చేతే చక్కెరగా మార్పించడం, తర్వాత దాన్ని సూక్ష్మజీవులకు అప్పగించడం. రెండో సగంలో బీరు ఈస్ట్ దారి పడుతుంది, అంబలి బ్యాక్టీరియా దారి పడుతుంది.

మొదట మొలక సంగతి. రాగులను రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంపేసి, తడిగుడ్డలో మూటకట్టి ఉంచితే రెండు రోజుల్లో తెల్లటి వేళ్లు బయటికొస్తాయి. గింజ నీళ్లు పీల్చగానే లోపలి పిండం జిబ్బరెలిన్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తుంది. వరి మొక్కలు విపరీతంగా పొడవు పెరిగి పడిపోయే తెగులును పరిశోధిస్తూ 1926లో జపాన్ శాస్త్రవేత్త కురోసావా దీని జాడ పట్టాడు. ఆ హార్మోన్ అందగానే గింజ పైపొర కింద ఉండే కణాలు అమైలేజ్ అనే ఎంజైమ్‌ను తయారుచేయడం మొదలుపెడతాయి. పిండిపదార్థమంటే గ్లూకోజ్ పూసలు గుచ్చిన పొడవాటి దండ. ఆ దండను ముక్కలు చేసే పని అమైలేజ్‌ది. మొలక తన తిండి కోసం ఈ ఏర్పాటు చేసుకుంటుంది. సరిగ్గా ఆ సమయంలో ఎండబెట్టి మొలకను ఆపేస్తే ఎంజైమ్ గింజలోనే నిలిచిపోతుంది. అదే మాల్ట్. 1833లో ఫ్రాన్సులో పాయెన్, పెర్సోజ్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు మాల్ట్ నుంచే ఈ పదార్థాన్ని వేరుచేసి డయాస్టేజ్ అని పేరు పెట్టారు. మనిషి వేరుచేసి చూసిన మొదటి ఎంజైమ్ అదే.

జొన్న మా ప్రాంతపు పంట. నంద్యాల పరిశోధన కేంద్రం ఇచ్చిన తెల్లజొన్న రకాలు రైతులందరికీ తెలుసు. అయినా మాల్ట్‌కు మేము జొన్నను మొలకెత్తించలేదు. లేత జొన్న మొక్కలు మేసి పశువులు చనిపోవడం రైతులు చూసేదే. మొలకలో ధురిన్ అనే పదార్థం ఉంటుంది, అది విడిపోతే సయనైడ్ పుడుతుంది. ఆఫ్రికాలో జొన్న మాల్ట్‌తో తరతరాలుగా బీరు కాస్తున్నారు. 1988 నుంచి బార్లీ మాల్ట్ దిగుమతిని నిషేధించాక నైజీరియాలో పెద్ద కంపెనీలు కూడా జొన్నకు మారాయి. కానీ మొలకలనూ వేళ్లనూ తీసేయడం, తర్వాత బాగా ఉడికించడం వాళ్ల పద్ధతిలో భాగం. ఇళ్లలో ప్రయోగాలు చేసేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఒకటే: మొలకెత్తించాలంటే రాగులు తీసుకోండి, జొన్నను పిండిగానే వాడండి. రాగి మాల్ట్‌లో అమైలేజ్ పుష్కలంగా ఉంటుంది, ఈ భయం ఉండదు.

కాబట్టి మా డేగిసాలో ఉడికింది జొన్నపిండి, దాన్ని కరిగించడానికి వేసింది రాగి మాల్ట్. ఇక్కడే ఉష్ణోగ్రత గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ పనికి ప్రాణం అదే. పచ్చి పిండి రేణువులు గట్టిగా బిగుసుకుని ఉంటాయి, ఎంజైమ్ వాటిలోకి దూరలేదు. నీళ్లలో వేడిచేస్తే అవి ఉబ్బి విచ్చుకుంటాయి. బార్లీ పిండి సుమారు 60 డిగ్రీల దగ్గరే విచ్చుకుంటుంది, ఆ వేడికి ఎంజైమ్ కూడా బతికే ఉంటుంది. అందుకే బీరు కాసేవాళ్లు బార్లీ మాల్ట్‌ను నేరుగా వేడి నీళ్లలో కలిపేస్తారు. జొన్న అలా లొంగదు. దానికి 68 నుంచి 78 డిగ్రీలు కావాలి, అప్పటికి ఎంజైమ్‌లు ఒక్కొక్కటిగా చెడిపోతుంటాయి. దీనికి దారి, ముందు జొన్నపిండిని పూర్తిగా ఉడికించి సంగటి చేసి, 65 డిగ్రీలకు చల్లారాక మాల్ట్ పిండి కలపడం. ఆఫ్రికా ఆడవాళ్లు థర్మామీటర్ లేకుండానే ఈ వరస కనిపెట్టారంటే నాకు ఎంతో గౌరవం కలుగుతుంది.

తెడ్డు నిటారుగా నిలబడేంత గట్టి సంగటి అది. జొన్నపిండిలో పదో వంతు రాగి మాల్ట్ పిండి చల్లి కలిపాం. నాలుగైదు నిమిషాల్లో తెడ్డు తేలిగ్గా తిరగడం మొదలైంది. పావుగంటకు సంగటి కాస్తా జారుగా, పారే గంజిలా అయింది. తెడ్డు పట్టుకున్న అక్క "సార్, ఇదేంది, నీళ్లయిపాయనే!" అని కేకేసింది. చుక్క నీళ్లు కూడా ఎవరూ కలపలేదు. దండలు తెగిపోయాయి కాబట్టి చిక్కదనం పోయింది, లోపలున్న బలం ఎక్కడికీ పోలేదు. పసిపిల్లలకు గట్టి జావ మింగుడుపడదు, పల్చన చేస్తే కడుపు నీళ్లతో నిండిపోతుంది. ఒక చెంచా మాల్ట్ పిండితో ఈ చిక్కు తీర్చవచ్చని మన దేశంలో పోషకాహార పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. దానికి రావలసినంత ప్రచారం రాలేదనేది నా బాధ.

పక్కనే ఇంకో గిన్నె పెట్టాం. అదే సంగటి, అదే రాగి మాల్ట్. కాకపోతే ఈ మాల్ట్‌ను కమ్మటి వాసన వచ్చేదాకా బాగా వేయించాం. ఆ గిన్నెలో సంగటి గట్టిగానే ఉండిపోయింది. వేయింపు వేడికి ఎంజైమ్ రూపం చెడిపోతుంది, ఇక అది పనిచేయదు. వాసన కోసం వేయించిన మాల్ట్ వేరు, పనికోసం నీడలో ఎండబెట్టిన మాల్ట్ వేరు అని ఆ రెండు గిన్నెలు పక్కపక్కన చూసినవాళ్లకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

పిండిపదార్థం ఎంతవరకు తెగిందో చూడటానికి అయోడిన్ పరీక్ష చేశాం. బీరు కాసేవాళ్లు చేసేదీ ఇదే. తెల్లటి పింగాణీ ప్లేటులో చల్లారిన గంజి చుక్క, దాని పక్కన టింక్చర్ అయోడిన్ చుక్క. పొడవాటి పిండి దండ మెలితిరిగి ఉంటుంది, ఆ మెలికల్లో అయోడిన్ ఇరుక్కుంటే నల్లటి నీలం రంగు వస్తుంది. దండలు పొట్టివయ్యేకొద్దీ ఆ రంగు ఊదాకు, తర్వాత గోధుమరంగుకు దిగుతుంది. పిల్లలు ప్లేటు చుట్టూ మూగి ఒక్కో చుక్క మారడాన్ని చూశారు. ఆ చుక్కలు మాత్రం పారబోయాలి, అయోడిన్ కలిసింది తినకూడదు. డేగిసాలోది రుచి చూస్తే తియ్యగా ఉంది. చక్కెర వేయలేదు, ఆ తీపి, పిండి దండలు తెగి పుట్టిన మాల్టోజ్‌ది.

ఇప్పుడు నీళ్లు. కర్నూలులో సగం ఇళ్ల మాట ఇదే: కుళాయికి వచ్చే తుంగభద్ర నీళ్లకు పప్పు ఉడుకుతుంది, బోరు నీళ్లకు ఉడకదు. మా ఇళ్లలో పరిచే బేతంచెర్ల బండలు సున్నపురాయే. వాన నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ అలాంటి రాయిని కొద్దికొద్దిగా కరిగించి భూమిలోకి తీసుకెళ్తుంది. ఆ నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. బీరు చరిత్రలో నీళ్లకు పెద్ద చోటుంది. చెక్ దేశంలోని పిల్సెన్ నీళ్లు చాలా మెత్తనివి, అక్కడ లేత బంగారు రంగు బీరు పుట్టింది. డబ్లిన్ నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువ, దాని క్షారాన్ని బాగా వేయించిన గింజల పులుపు సరిచేస్తుంది కాబట్టి అక్కడ నల్ల బీరు కుదిరింది. నీళ్లలోని కాల్షియం అమైలేజ్‌ను వేడికి చెడకుండా నిలబెడుతుంది, అది మంచిదే. ఇబ్బంది అంతా దాని వెంట వచ్చే, పులుపును విరిచేసే బైకార్బొనేట్‌తో.

మరి అంబలికి బోరు నీళ్లు చెడ్డవా? లెక్క వేసి చూద్దాం. లీటరుకు 300 మిల్లీగ్రాముల క్షారత ఉన్న గట్టి నీటిని సరిచేయడానికి అర గ్రాము లాక్టిక్ ఆమ్లం చాలు. బాగా పులిసిన అంబలిలో లీటరుకు కొన్ని గ్రాముల ఆమ్లం తయారవుతుంది. అంటే బోరు నీళ్ల కుండ మొదటి కొన్ని గంటలు వెనకబడాలి, తెల్లారేసరికి కలిసిపోవాలి. పులుపును కొలిచే పీహెచ్ కాగితంతో చూస్తే (పీహెచ్ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) జరిగింది అదే. ఈ పీహెచ్ కొలమానాన్ని కూడా 1909లో సోరెన్‌సెన్ అనే శాస్త్రవేత్త కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలలోనే రూపొందించాడు. 1883లో అక్కడే హాన్సెన్ అనే శాస్త్రవేత్త ఒక్క కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ను పెంచాడు, దాన్ని కంపెనీ ఇతరులకూ పంచిపెట్టింది.

తియ్యగా మారిన గంజిని మళ్లీ మరిగించి చల్లార్చి, అందరూ తెచ్చిన కుండల్లోకి పంచి, కొన్నింటిని తుంగభద్ర నీళ్లతో, కొన్నింటిని బోరు నీళ్లతో పలచన చేశాం. బీరు కాసేవాళ్లు ఈ మరిగించే దశలో హాప్స్ అనే చేదు పూలు వేస్తారు. ఆ చేదు లాక్టిక్ బ్యాక్టీరియాలో చాలావాటిని అణచివేస్తుంది, ఈస్ట్‌ను ఏమీ చేయదు. మనకు కావలసింది ఆ బ్యాక్టీరియానే కాబట్టి అంబలికి హాప్స్ పనికిరావు. మా ఎండ కూడా బ్యాక్టీరియా పక్షమే. మామూలు బీరు ఈస్ట్‌కు 20 డిగ్రీల చుట్టుపక్కల ఉండాలి, ఏప్రిల్‌లో మా ఇళ్లలో 35 దాటుతుంది. ఆ వేడిలోనూ చక్కగా పనిచేసే ఈస్ట్ విచిత్రంగా చలిదేశమైన నార్వేలో ఉంది. దాన్ని క్వైక్ అంటారు. అక్కడి పల్లెల్లో దాన్ని ఎండబెట్టి దాచుకునేవాళ్లు, పాడైతే పక్కింటి నుంచి తెచ్చుకునేవాళ్లు.

కొందరు కుండలో మజ్జిగ తోడు వేశారు, కొందరు ఇంట్లో మిగిలిన నిన్నటి అంబలి వేశారు, కొన్ని కుండలు ఏమీ వేయకుండా గుడ్డకట్టి ఉంచాం. తోడు వేయడం రుచి కోసమే కాదు. మరిగించినా చావని బ్యాక్టీరియా విత్తులు కొన్ని ఉంటాయి. పీహెచ్ 4.6 కన్నా కిందికి దిగితే ప్రాణాంతకమైన బోటులినం లాంటివి పెరగలేవు. ఎండాకాలంలో అక్కడికి ఎంత త్వరగా చేరితే అంత మంచిది. తోడు వేసిన కుండలు తెల్లారేసరికి 4 దగ్గరికి వచ్చేశాయి. ఏమీ వేయనివి వెనకబడ్డాయి, వాటిని ఎవరూ తాగలేదు.

రుచిలో తేడా ఉందని అందరూ అన్నారు. నిజంగా ఉందా, మన కుండ మీద ప్రేమతో అనిపిస్తోందా? దీనికి బీరు కంపెనీలు వాడే పద్ధతి ఒకటుంది. మూడు గ్లాసులు ఇస్తారు, రెండింటిలో ఒకటే పానీయం, మూడోదానిలో వేరేది. వేరేదేదో చెప్పాలి. ఊరికే ఊహించినా మూడింట ఒకసారి కుదురుతుంది కాబట్టి, 12 మంది రుచి చూస్తే కనీసం 8 మంది సరిగ్గా చెబితేనే తేడా ఉందని నమ్ముతారు. ఇంత చిన్న లెక్కలతో ఎంతవరకు నమ్మవచ్చనే ప్రశ్నకు గణితంలో దారి చూపినవాడు కూడా బీరు కంపెనీ ఉద్యోగే. డబ్లిన్‌లో గిన్నిస్ కంపెనీలో పనిచేసిన విలియం గోసెట్ 1908లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో రాసిన పద్ధతిని ఈరోజు వ్యవసాయ, వైద్య పరిశోధనల్లో ప్రతిచోటా వాడుతున్నారు. చేతిలో కొన్ని నమూనాలే ఉండటం ఆయన రోజువారీ సమస్య. మిద్దె మీద వరుసగా పెట్టిన కుండల ముందు మా సమస్యా అదే.

మూడు గ్లాసుల పరీక్షలో మజ్జిగ తోడుకీ పాత అంబలి తోడుకీ ఉన్న తేడాను చాలామంది పట్టేశారు. తుంగభద్ర నీళ్లా బోరు నీళ్లా అన్నది దాదాపు ఎవరికీ అందలేదు. ఇప్పుడు ఒకే కుండలోని అంబలిని చిన్న సీసాల్లో పంచుకున్నాం. ఎవరింట్లో వాళ్లు అదే తోడుతో అంబలి చేసుకుంటూ, ఏ పిండి వాడారో, ఆ రోజు ఎండ ఎంతో నోటు పుస్తకంలో రాసుకోవాలి. శ్రావణంలో మళ్లీ కలిసినప్పుడు ఆ సీసాలన్నింటినీ ఒకే గంజిలో వేసి, మూడు గ్లాసుల పరీక్ష మళ్లీ పెట్టి, ఒక్క కుండ నుంచి బయల్దేరిన తోడు ఇంటింటికీ వేరైపోయిందో లేదో చూస్తాం.