పాలపిట్ట మన రాష్ట్ర పక్షి కాకుండా ఎప్పుడు పోయింది?

దసరా వస్తే విజయవాడలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, పాలపిట్ట మన రాష్ట్ర పక్షే కదా అని. ఇప్పుడు కాదు. ఉమ్మడి రాష్ట్రంలో పాలపిట్ట, కృష్ణజింక, వేపచెట్టు, కలువపువ్వు మన గుర్తులు. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది, ఆ నవంబరులోనే తెలంగాణ తన చిహ్నాలు ప్రకటించుకుంది: పాలపిట్ట, జింక, జమ్మిచెట్టు, తంగేడు. బతుకమ్మలో పేర్చే పువ్వు, దసరాకి మొక్కే చెట్టు, ఆ రోజు చూడాల్సిన పిట్ట, మూడూ అందులో ఉన్నాయి. బాగా ఆలోచించి ఎంచుకున్నారు. మనవాళ్లు తేల్చేసరికి 2018 వచ్చింది. వేప, కృష్ణజింక అలాగే ఉంచి, కలువ బదులు మల్లెని, పాలపిట్ట బదులు రామచిలుకని పెట్టారు.

మల్లె గురించి బెజవాడ వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎండలు ముదిరాయంటే మైలవరం తోటల మొగ్గలు ఊళ్లోకి దిగాల్సిందే.

వేప సంగతి వేరు, దాని కోసం కోర్టుల్లాంటి చోట్ల కొట్లాడాల్సి వచ్చింది. ఉగాది పచ్చడిలో పువ్వు, పోలేరమ్మ గుడి ముందు చెట్టు, ఒంటిమీద అమ్మవారు పోస్తే పక్కలో వేపాకు, గుంటూరు మిర్చి చేలో పురుగుకి వేపనూనె, ఇదంతా మనకి తాతల నాటి నుంచీ తెలిసిందే. అలాంటిది 1994లో ఐరోపా పేటెంటు కార్యాలయం వేపనూనెతో బూజు తెగుళ్లని అరికట్టే పద్ధతి మీద డబ్ల్యూ.ఆర్.గ్రేస్ అనే అమెరికా కంపెనీకీ, ఆ దేశ వ్యవసాయ శాఖకీ కలిపి పేటెంటు ఇచ్చేసింది. పర్యావరణ ఉద్యమకారిణి వందనా శివ లాంటి వాళ్లు పట్టువదలకుండా పోరాడితే 2000లో రద్దయింది, అప్పీలు 2005లో కొట్టేశారు.

ఇక చిలుక. మధుర మీనాక్షి చేతిలో, గోదాదేవి చేతిలో ఉండేది అదే. చిలకలూరిపేట, చిలకలపూడి అని ఊళ్ల పేర్లలో ఉంది, పెడన కలంకారీ అద్దకాల్లో ఉంది. చిలక కొట్టిన జామకాయ తియ్యగా ఉంటుందని పిల్లలు వెతుక్కుని మరీ కోసుకుంటారు. జొన్న చేను వేసిన రైతుకి మాత్రం గింజ పాలు పోసుకునే రోజుల్లో ఇదే పెద్ద టెన్షన్, మంచె మీద వడిసెల పట్టుకుని పొద్దున్నే అరుస్తూ నిలబడాలి.

జీవో మారినా మన దసరా మాత్రం మారలేదు. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి దర్శనం, కృష్ణలో హంస వాహనం మీద తెప్పోత్సవం, వీలైతే పాలపిట్ట. పాండవులు అజ్ఞాతవాసం ముగించి వస్తూ దాన్ని చూశారని, అందుకే గెలిచారని చెప్పుకుంటారు. కరెంటు తీగ మీద మట్టిరంగు ముద్దలా కూర్చుని ఉంటుంది, ఎగిరిందంటే రెక్కల్లో నీలం ఒక్కసారిగా విచ్చుకుంటుంది. ఆ ఎగరడం చూడాలి. కానీ దసరాకి దాన్ని పట్టి, రెక్కలు కట్టేసి, పంజరంలో పెట్టి చూపించి డబ్బులు తీసుకునేవాళ్లు తయారయ్యారు. చిలక జోస్యం పంజరమూ అంతే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రెండు పిట్టల్నీ పట్టడం నేరం, దయచేసి డబ్బులివ్వకండి.

ఇంకో మాట. ఈ రెండూ గుడ్లు పెట్టేది చెట్టు తొర్రల్లోనే. చేను గట్టు మీద తల పోయి మోడైన తాటిచెట్టు దేనికీ పనికిరాదని కొట్టేస్తున్నారు. దాన్ని అలా ఉండనివ్వండి, పడిపోయే ప్రమాదం లేకపోతే.