ఆవుపాలలో పరీక్షకు చిక్కని జన్యువు

యాంటీబయాటిక్‌కు లొంగని బ్యాక్టీరియా పాలలో ఉంటే మరిగించినా చావదా? ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. చస్తుంది. మందును తట్టుకోవడం వేరు, వేడిని తట్టుకోవడం వేరు. 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచే పాశ్చరైజేషన్‌లో పొదుగువాపు తెచ్చే బ్యాక్టీరియాల్లో ఒకటైన స్టెఫైలోకాకస్‌నే తీసుకుంటే, మామూలుది ఎలా పోతుందో, మొండి స్టెఫైలోకాకస్ కూడా అలాగే పోతుంది. అది ముందే పాలలోకి వదిలిన విషం మాత్రం వేడికి పోదు, కానీ దానికీ యాంటీబయాటిక్‌లకూ సంబంధం లేదు. పచ్చిపాలు తాగేవాళ్లు, రోజూ పశువుల మధ్య పనిచేసేవాళ్లు మాత్రం జాగ్రత్తపడాల్సిందే.

అసలు ఆ మొండితనం ఎక్కడి నుంచి వస్తుంది? నాకు ఎంతకీ తనివి తీరని విషయం ఇదే.

పాడి ఆవులకు యాంటీబయాటిక్‌లు ఎక్కువగా వాడేది పొదుగువాపుకు. అందులో పెన్సిలిన్ కుటుంబం మందులు ముఖ్యమైనవి. బ్యాక్టీరియా చుట్టూ ఉండే గోడను ఒక వల అనుకోండి. పొడవాటి చక్కెర దారాలు, వాటికి వేలాడే పొట్టి పెప్టైడ్ (అమైనో ఆమ్లాల గొలుసు) కొసలు. ఒక దారం కొసను పక్క దారానికి ముడివేసే ఎంజైములే ఈ వల అల్లే పనివాళ్లు. కొస చివర డి-అలనిన్ అనే అమైనో ఆమ్లాలు రెండు ఉంటాయి. పనివాడు చివరిదాన్ని తెంపి, మిగిలినదాన్ని ముడివేసి, చెయ్యి విడిపించుకుని ఇంకో కొస దగ్గరికి పోతాడు. పెన్సిలిన్‌లోని బీటా-లాక్టమ్ వలయం అచ్చం ఆ కొసలాగే కనిపిస్తుంది. పనివాడు దాన్ని పట్టుకోగానే వలయం తెరుచుకుని, ఎంజైములోని సెరీన్ అనే అమైనో ఆమ్లానికి అతుక్కుపోతుంది. ఇక చెయ్యి ఊడిరాదు. ముడులు ఆగిపోతాయి. వలను అక్కడక్కడా కత్తిరించే ఎంజైములు మాత్రం తమ పని ఆపవు. లోపలి ఒత్తిడికి కణం పగిలిపోతుంది.

దీని నుంచి తప్పించుకోవడానికి బ్యాక్టీరియా దగ్గర ఒక కత్తెర ఉంది. పెన్సిలినేజ్ అనే ఎంజైము ఆ దొంగ కొసను పనివాడి చేతికి అందకముందే కత్తిరించేస్తుంది. అబ్రహాం, చెయిన్ అనే శాస్త్రవేత్తలు 1940లోనే దీన్ని గుర్తించారు. ఆ కత్తెరకు తెగని మెథిసిలిన్ అనే పెన్సిలిన్ రకం మందు 1959లో వచ్చింది. 1961కల్లా దానికీ లొంగని స్టెఫైలోకాకస్ బయటపడింది. ఈసారి అది కత్తెర కాదు, కొత్త పనివాడు! మెక్-ఏ అనే జన్యువు తయారుచేసే పీబీపీ2ఏ అనే ప్రోటీన్. ఇతని పిడికిలి మూసుకునే ఉంటుంది కాబట్టి పెన్సిలిన్ అంత తేలిగ్గా చేతికి అంటుకోదు. ఇంకో తమాషా చూడండి. పాత పనివాడు పీబీపీ2కు రెండు చేతులు: ఒకటి దారం వడుకుతుంది, రెండోది ముడివేస్తుంది. పెన్సిలిన్ బంధించేది ముడివేసే చేతినే. దారం వడికే చెయ్యి ఖాళీగానే ఉంటుంది. పాతవాడు దారం వడుకుతుంటే కొత్తవాడు ముడులు వేస్తాడు, వల పూర్తవుతుంది.

ఇంత అందమైన ఏర్పాటును బడిలో "బ్యాక్టీరియా మందుకు అలవాటు పడింది" అనే ఒక్క ముక్కతో ముగించడం నాకు బాధగా ఉంటుంది. ఏ కణమూ అలవాటు పడదు. జన్యువు ఉన్నది మిగిలింది, లేనిది పోయింది.

ఇప్పుడు పాల దగ్గరికి వద్దాం. 2007లో ఇంగ్లండ్‌లో ఒక పాల ట్యాంకు నమూనాలో దొరికిన స్టెఫైలోకాకస్ మెథిసిలిన్‌కు లొంగలేదు. కానీ మెక్-ఏ పరీక్ష చేస్తే ఆ జన్యువు లేదని వచ్చింది. జీనోమ్ (దాని జన్యు సమాచారమంతా) మొత్తం చదివితే తెలిసింది: అక్కడున్నది మెక్-ఏతో 70 శాతం మాత్రమే పోలిన జన్యువు. అందుకే పరీక్ష దాన్ని పట్టలేకపోయింది. 2011లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. తర్వాత దానికి మెక్-సీ అని పేరు పెట్టారు. డెన్మార్క్‌లో 1975 నాటి ఒక రోగి నమూనాలోనూ అది కనిపించింది. అదే దేశంలో ఇద్దరు రోగుల నుంచి తీసిన బ్యాక్టీరియా జీనోమ్‌లు, వాళ్ల పశువుల నుంచి తీసినవాటితో దాదాపు అక్షరం పొల్లుపోకుండా సరిపోయాయి.

2022లో వచ్చిన పరిశోధన మరీ ఆశ్చర్యం. యూరప్‌లో హెడ్జ్‌హాగ్ అనే చిన్న ముళ్ల జంతువు చర్మం మీద ట్రైకోఫైటాన్ ఎరినేసీ అనే ఫంగస్ బతుకుతుంది. అది తనంతట తానే పెన్సిలిన్ లాంటి మందు తయారుచేస్తుంది. దాని పక్కనే బతకాల్సిన స్టెఫైలోకాకస్‌లో మెక్-సీ ఉన్నవే నిలిచాయి. జన్యు లెక్కల ప్రకారం ఇది 19వ శతాబ్దం నాటి సంగతి. ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుక్కున్నది 1928లో!

అయితే ఇందులో మన తప్పేమీ లేదని కొందరు తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. ఆ జన్యువు పుట్టుకకు మనం కారణం కాకపోవచ్చు, కానీ మందు వాడిన ప్రతి పొదుగూ దానికి మనం సిద్ధం చేసిన చోటే. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది, మందు వేసిన ఆవు పాలను దూడలకు తాగించడం. గడువు తీరేదాకా ఆ పాలు అమ్మకూడదు, పారబోయడానికి మనసొప్పదు, దూడ ముందు పెడతారు. పలచగా మిగిలిన మందు దూడ పేగులోని ఈ-కొలైలో మామూలువాటిని చంపి మొండివాటికి చోటిస్తుంది. అవి పేడతో పొలానికి చేరతాయి. వాటిలో ప్లాస్మిడ్ అనే విడి డీఎన్‌ఏ చుట్ట మీద జన్యువు మోసేవి దాన్ని వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా అందించగలవు.

పాలలో మందు అవశేషాలు పట్టడానికి వాడే ఒక పరీక్షలో చిన్న గొట్టం అడుగున జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ బీజాలు, ఊదారంగు జెల్లీ ఉంటాయి. పాలచుక్క వేసి 64 డిగ్రీల దగ్గర ఉంచితే బ్యాక్టీరియా పెరిగి, ఆమ్లం పుట్టి, ఊదా పసుపుగా మారుతుంది. మందు ఉంటే ఊదాగానే ఉండిపోతుంది. పసుపు వచ్చిందంటే పాలలో ఆ పరీక్ష పట్టగలిగినంత మందు లేదన్నమాట. మొండి బ్యాక్టీరియా ఉందో లేదో మాత్రం ఈ రంగు చెప్పదు.

ఆవు ఈనడానికి ముందు పాలు ఆపేసే కాలంలో, జబ్బు ఉన్నా లేకపోయినా అన్నిటికీ చన్నులోకి యాంటీబయాటిక్ ఎక్కించడం చాలాచోట్ల రివాజు. యూరోపియన్ యూనియన్ 2022 జనవరి 28 నుంచి ఇలా మూకుమ్మడిగా వాడటాన్ని ఆపించింది. ఇప్పుడు పాలలో సోమాటిక్ కణాలు (ఇన్‌ఫెక్షన్ ఉంటే పెరిగే ఆవు కణాలు) లెక్కించి, అవసరమైతే బ్యాక్టీరియాను కల్చర్ చేసి, ఇన్‌ఫెక్షన్ ఉన్న ఆవుకే మందు ఇవ్వాలి. లేని ఆవు చన్ను రంధ్రాన్ని బిస్మత్ పేస్టుతో మూసేస్తే సరిపోతుంది. అందులో యాంటీబయాటిక్ ఉండదు. అది బ్యాక్టీరియాను చంపదు, లోపలికి రానివ్వదు అంతే.